చిట్టమ్మ కుట్టిన మాయగుడ్డ

బరంపురం దగ్గరి దిగపహండి బస్టాండు పక్కన చీరలకు ఫాల్సు కుట్టే చిట్టమ్మ ఒక గుడ్డ కుట్టింది. అది భుజాన వేసుకున్న మనిషి మాయమైపోతుంది. ఒట్టు! బరంపురంలో నిండు సభ కళ్ళముందే జరిగింది. సరే, మరీ అంత కాదు. గుడ్డ కనిపిస్తుంది. లోపలి మనిషే కనిపించదు.

చిట్టమ్మ సవరామె. కొండ దిగొచ్చి చాలా కాలమైనా తన ఊరి ఆచారం ఒకటి విడిచిపెట్టలేదు. ఇంట్లో శుభం జరిగితే పెద్దావిడ తెల్లటి నూలుగుడ్డ మీద ఎర్రదారంతో మనుషుల్నీ మేకల్నీ సూర్యుణ్ణీ కుట్టి, ఆ శుభం ఎవరిదో వాళ్ళకి కప్పాలి. పెళ్ళికి ఉంది, పురుడుకి ఉంది. డిగ్రీకి ఇంతవరకూ ఎవరికీ అవసరం పడలేదు. మనవరాలు ఈశ్వరి బరంపురం కాలేజీలో బీయస్సీ గట్టెక్కిందనగానే చిట్టమ్మ గిరాకీలన్నీ పక్కకు నెట్టి సూది పట్టింది.

టీకొట్టు గురువులు ఊరుకుంటాడా?

"ఏటి చిట్టమ్మప్పా, గుంటకి డిగ్రీయా, పెళ్ళా?"

"పెళ్ళి నీలాటోడికీ అయింది కదరా. డిగ్రీ అయిందేటి?"

పెళ్ళికూతురి బొమ్మ ఉండే చోట, కాగితం పట్టుకున్న ఆడపిల్లని కుట్టింది. ఆ కాగితం పక్కనున్న మేకకి మేతలా కనిపిస్తోందని విప్పి మళ్ళీ కుట్టింది.

"ఇది ఏసుకునే కాయితం అందుకోవాల. నాను సూడాల."

"అలాగే అమ్మమ్మా. సంప్రదాయ దుస్తుల్లో రమ్మని కాలేజీవాళ్ళే చెప్పారు."

కాలేజీవాళ్ళ లెక్కలో సంప్రదాయమంటే పట్టుచీరని పాపం ఈ ఇద్దరికీ ఏం తెలుసు? పట్టాల పండగనాడు హాలు గుమ్మంలో బ్యాడ్జీ పెట్టుకున్న ఒకాయన ఈశ్వరిని చూసి కంగారుపడిపోయాడు.

"ఏయ్, డాన్సు పార్టీ! ఇటు, ఇటు! అతిథిగారి కారు వచ్చేసింది!"

"నేను డాన్సు కాదు సార్, స్టూడెంటుని. నా పేరు పిలుస్తారు."

"పిలుస్తారులే, ముందు స్వాగతం కానియ్యి!"

సవర వేషం కట్టి ముఖానికి పౌడరు మెత్తుకున్న అద్దె నాట్యగత్తెల వరసలోకి తోసేశాడు. వెనక కుర్చీల్లోంచి చిట్టమ్మకి కనిపించింది ఏమిటంటే, తన గుడ్డ అందరికంటే ముందు, అతిథి పక్కనే లోపలికి వస్తోంది. మనవరాలికి ఇంత గౌరవమా అనుకుంది. లేచి నిలబడి, అరచేతులు మండేలా చప్పట్లు కొట్టింది. ఈశ్వరి తల తిప్పి ఆ చప్పట్లు చూసింది.

ఆట అయ్యాక పార్టీనంతా పక్కగదికి తోలి ఉప్మా పొట్లాలిచ్చారు. ఈశ్వరి హాల్లోకి పోబోతే గుమ్మంలో అడ్డం పడ్డారు. "లోపలికి డిగ్రీ తీసుకునేవాళ్ళే."

అదే సమయానికి లోపల మైకు "ఈశ్వరి సవర" అంది. మళ్ళీ అంది. "గైర్హాజరు" అని తర్వాతి పేరుకి పోయింది. అప్పుడు తెలిసింది చిట్టమ్మకి, తాను దేనికి చప్పట్లు కొట్టిందో.

బస్సులో ఈశ్వరి గుడ్డ మడిచి అమ్మమ్మ ఒళ్ళో పెట్టింది.

"అంత గట్టిగా కొట్టావేటే?"

కాగితం తర్వాతెప్పుడో ఆఫీసు కిటికీలోంచి ఇచ్చారు.

ఇప్పటికీ గురువులు ఈ మాయగుడ్డ మాట ఎత్తితే చిట్టమ్మ సూది ఆపదు, తలెత్తదు.

"కోతలు కొయ్యకురా. అలాటిదేటీ జరగనేదు. గుంట స్టేజీ ఎక్కింది. కాయితం అందుకుంది. నాను సప్పట్లు కొట్టింది అప్పుడే."