అయ్యవారు వేసిన కంప

మా ఊరి బడిలో చదువు చెప్పిన అయ్యవారు పోయారు. నా కూతురికి ముదిగుబ్బ దగ్గర పల్లెలో పంతులమ్మ ఉద్యోగం వచ్చిందని ఆయన చెవిన వేద్దామని, తువ్వాలులో బెల్లం కట్టుకుని బత్తలపల్లెకు నడిచాను. కాళ్ళు నేల మీద ఆనితే ఒట్టు. వాకిట్లో ఆయన భార్య, "నిన్ననే మట్టి చేసినామప్పా" అంది. ముడి విప్పకుండానే తువ్వాలు గడప మీద పెట్టాను.

మాది కూలి బతుకు. వాన మోసం చేసిన ఏడల్లా ఇంటి వాకిలికి తుమ్మకంప అడ్డమేసి, పిల్లాజెల్లాతో బళ్ళారి వైపు పత్తి ఏరడానికి పోయేవాళ్ళం. కంప ఉందంటే మనుషులు తిరిగొస్తారని గుర్తు. ఎవరూ లోపలికి అడుగు పెట్టరు. నా కూతురు అప్పుడు ఒకటో తరగతి. చేనులో చంటి తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఆమెనూ తీసుకుపోక తప్పదు. అయ్యవారు మా బండి పక్కనే ఊరవతలి వంక దాకా నడుస్తూ ఆమెతో ఎక్కాలు చెప్పించేవారు. తిరిగిపోయి, బడిలో ఆమె కూర్చునే చోట చిన్న తుమ్మకంప పెట్టేవారు.

"ఎవరూ ఈడ కూసోగూడదు. పిల్ల కూలికి పోయింది, సచ్చిపోల్యా" అనేవారట.

బడి తనిఖీకి వచ్చిన దొర ఆ కంపను బూటుతో తోసి, పిల్ల పేరు కొట్టేయించాడు. తిరిగొచ్చాక మళ్ళీ ఒకటో తరగతే. మరుసటేడూ అంతే. తోటి పిల్లలు పైకి పోతుంటే, నా బిడ్డ పసివాళ్ళ మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేది. ఇంకోసారి అయితే బడి ముఖమే చూడనంది.

అయ్యవారు బడి సెలవులను మేము కూలికి పోయే నెలలకు మార్చమని ఊరి పెద్దను అడగడానికి పోయారు. నేనూ వెంట ఉన్నాను.

"ఏం అయ్యవారూ, కూలోళ్ళ పిల్లోళ్ళ కోసరం బడికి బీగమేస్తావా? వాళ్ళొచ్చేటప్పుడు మేళం గూడా పెట్టిస్తావేమో!" పెద్దాయన నవ్వాడు.

"నీ శెనక్కాయ పీకేటప్పుడు బడి మూస్తాండాము గదన్నా. చేను ఉండేటోళ్ళకు సెలవు, లేనోళ్ళకు పేరు కొట్టేసేదా?"

నవ్వు ఆగింది. సెలవులు మాత్రం మారలేదు.

ఎండాకాలం బడి మూసినప్పుడు అయ్యవారు తన అరుగు మీదే మా పిల్లలకు చదువు చెప్పారు. బడి తెరిచాక, మళ్ళీ వచ్చిన ఆ దొర ఎదుట నా కూతురిని నిలబెట్టి పైతరగతి వాచకం చదివించారు. తడుముకోలేదు నా తల్లి! దొర ముఖం చిట్లించుకునే పైతరగతికి పంపమన్నాడు. ఆమె చదువు ఆగకుండా సాగింది. ఏడు తిరక్కుండానే అయ్యవారిని మా ఊరి నుంచి బత్తలపల్లెకు బదిలీ చేశారు. అరుగు మీద ఆమెతో కూర్చున్న మిగతా పిల్లలు ఇప్పుడు తమ పిల్లలతో కూలికి బండ్లెక్కుతున్నారు.

నా కూతురు పంతులమ్మ! ఎన్నిసార్లు అనుకున్నా తనివి తీరడం లేదు. వినాల్సిన మనిషే లేడు.

మొన్న ఆమె బడి చూడటానికి పోయాను. ఈ ఏడూ వానల్లేవు. వరుసల్లో పిల్లల కంటే తుమ్మకంపలే ఎక్కువ. నా కూతురు చీపురు పట్టుకుని, ఒక్కొక్క కంపనూ మెల్లగా ఎత్తి, కింద ఊడ్చి, మళ్ళీ అక్కడే పెడుతోంది.