మా అత్తయ్యకు వినపడిన ఏడుపు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదట్నుంచీ చిరాకు. మేం క్రైస్తవులం. ఇంట్లో జ్వరమొస్తే ప్రార్థన చేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్తాం తప్ప తాయెత్తులు కట్టించుకోం. ఇది చదివి నన్నూ ఆ బాపతులో కలిపేయకండి.

డెబ్బయ్యో దశకంలో మావారు ఉయ్యూరులో పంచదార ఫ్యాక్టరీలో పనిచేసేవారు. పోయేలోపు చార్మినార్ చూడాలని మా అత్తయ్య పట్టుబట్టడంతో, చెరుకు సీజన్ అయిపోయాక బెజవాడలో రైలెక్కి హైదరాబాద్ వెళ్లాం. ఆ ఊరు మా అందరికీ కొత్తే.

అత్తయ్యకు పూర్తిగా చెవుడు. దారి పొడుగునా ఆవిడ చెవిలో అరిచి అరిచి నా గొంతు పోయింది. ఏ స్టేషనొచ్చిందని అడుగుతుంది. మూడోసారి నా పెదాలు చూసి పోల్చుకునేసరికి ఆ స్టేషన్ దాటిపోతుంది.

పాత నగరం చుట్టూ గోడ చాలావరకు పడిపోయింది. మిగిలిన ఒక దర్వాజా కిందుగా లోపలికి నడిచాం. అన్నీ ఇరుకు సందులు, గాజుల కొట్లు, ఇత్తడి సామాను. మాకు ఉర్దూ ఒక్క ముక్క రాదు. నేను గాజులు బేరమాడుతుంటే, కొట్టతను ఏమంటున్నాడని అత్తయ్య పదిసార్లు అడిగింది. విసుక్కుంటూ ఆవిడ చెవిలో ధర అరిచి ఇటు తిరిగేసరికి మా రూతు లేదు. నాలుగేళ్ల పిల్ల.

మావారు ఒకవైపు పరుగెత్తారు. నేను కనిపించిన ప్రతివాళ్లనీ తెలుగులోనే అడుగుతున్నాను. పక్కన ఇత్తడి బిందెలను సుత్తులతో కొడుతున్నారు. ఆ మోతలో నా మాట నాకే వినపడటం లేదు.

అప్పుడు అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

"పిల్ల అట్టా గుక్కపెట్టి ఏడుస్తుంటే వినపట్టంలేదటే నీకు?" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. చెవిలో అరిచినా వినపడని మనిషి నన్నడుగుతోంది. ఆవిడ మాత్రం ఆగలేదు. ఎవరినీ అడగకుండా మూడు సందులు తిరిగి, మూసి ఉన్న ఒక తలుపు తట్టింది.

ఒక ముసలావిడ తలుపు తీసింది. లోపల మంచం మీద రూతు నిద్రపోతోంది. మూతికి బిస్కెట్టు పొడి అంటుకుని ఉంది. వీధిలో ఒంటరిగా తిరుగుతుంటే ఎత్తుకొచ్చి పడుకోబెట్టానని, మా కోసం వెతకడానికి కొడుకును పంపానని ఆవిడ వచ్చీరాని తెలుగులో చెప్పింది. చాలా ఏడ్చిందా అని అడిగాను. అసలు ఏడవనే లేదంది. నిద్రలేచాక రూతూ అదే చెప్పింది.

మావారు గాజుల కొట్టు దగ్గర దొరికారు. రైలు టైమవుతోందని తొందరపెట్టారు. దర్వాజా దగ్గరికొచ్చాక అత్తయ్య ఆగిపోయింది.

"మన పిల్ల దొరికింది, సరే. మరి ఆ ఏడ్చే పిల్ల ఎవరిదే? ఎవరూ ఎత్తుకోరేం?" అంది.

నేను చెవి పెట్టి విన్నాను. సుత్తుల మోత తప్ప ఏమీ లేదు. అప్పటికే విసిగిపోయి ఉన్నాను. ఆవిడ చెయ్యి పట్టి లాక్కొచ్చేశాను. రైలెక్కేదాకా ఆవిడ వెనక్కి చూస్తూనే ఉంది.

బెజవాడలో చెవుల డాక్టరుకు చూపించాం. రెండు చెవుల్లోనూ నరం ఎప్పుడో చచ్చిపోయిందన్నాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆవిడకు ఏ చప్పుడూ వినపడలేదు. మరి ఆ రోజు ఏం వినపడిందో నేను ఇప్పటికీ చెప్పలేను.

నన్ను తినేసేది అది కాదు. మా పిల్లను ముక్కూమొహం తెలియని ఆవిడ ఎత్తుకుని పడుకోబెట్టింది. ఆ రెండో పిల్ల కోసం నేను ఒక్క సందు వెనక్కి వెళ్లలేకపోయాను.