నాలుక తీసిన గంట

దయ్యాలు, గాలులు నేను ఏనాడూ నమ్మలేదు. ముసలాయనకు చాదస్తం ముదిరింది అనేవాళ్ల కోసం ఈ మాట ముందే రాసిపెడుతున్నాను. జీవాల వెంట తిరిగిన కాలంలో శవాలు పూడ్చే బొందలగడ్డ పక్కనే మందను ఆపి పడుకున్నవాణ్ని. ఊళ్లో ఎవరికో గాలి సోకిందంటే పోయి జ్వరం గోలీ మింగించి వచ్చినవాణ్ని. బడి గడప తొక్కలేదు. హైదరాబాదు రోడ్డు పక్కన గొర్రెలు మేపుతూ, మైలురాళ్ల మీది అక్షరాలు చూసి బొగ్గుతో బండల మీద దించుకొని చదువు నేర్చుకున్నాను. అట్లా నేర్చినవాడు ఎవరు చెప్పినా ఊరికే నమ్మడు.

మాది చిట్యాల దగ్గరి ఊరు. తెలంగాణ వచ్చిన మూడు నాలుగేళ్లకు జరిగిన సంగతి ఇది.

మనవరాలు ఇంటర్ పరీక్షలకు చదువుకోవాలి, ఒక గది కావాలి. ఇంటి వెనక చిన్న గది ఉంది. దాని తలుపు వెనక సందులోకి తెరుచుకుంటుంది. అందులో నా సామాను. కోడలు సుజాత ఫోనులో ఒక వీడియో చూసింది. ఏడాదిపాటు వాడని వస్తువు ఇంట్లో ఉంచుకుంటే మనసుకు బరువట, తీసి పారేయాలట. ఆ చెప్పే ఆమె వెనక గోడకు మేకు కూడా లేదు. ఎన్నడూ ఏదీ దాచుకోని మనిషి నాకు పారేయడం నేర్పుతుందా?

"ఏడాది సంది నన్ను గూడ ఎవ్వరు వాడలే బిడ్డా, నన్ను గూడ బండెక్కియ్యి" అన్నాను. సుజాత నవ్వింది. నేను నవ్వలేదు.

అయినా న్యాయం చెప్పాలి. పిల్ల చదువు ముఖ్యమే. సగం సామాను నేనే బయట పెట్టాను. చిమ్మటలు తిన్న గొంగడి, మొద్దుబారిన ఉన్ని కత్తెర, కాడ విరిగిన గొడ్డలి. రేకుపెట్టె ఒక్కటే ముట్టొద్దన్నాను.

ఆ పెట్టెలో ఒక కంచు గంట ఉండేది. నాకు తొమ్మిదేళ్లప్పుడు బాపు ఒక పొట్టేలు పిల్లను నాకని ఇచ్చాడు. నల్లటిది, నుదుట తెల్ల మచ్చ. బొట్టోడు అని పేరు పెట్టుకున్నాను. పెరిగి మందకు ముందు నడిచేది. దాని మెడలోదే ఆ గంట. కరువు ఏడాది బొట్టోడు చచ్చిపోయాడు. ముందు నడిచిన పొట్టేలు పోతే దాని గంట ఇంకో మెడకు కట్టకూడదని మా ఇంటి పద్ధతి. బాపు పట్టకారుతో గంట లోపలి నాలుక పీకి, బొట్టోడితోపాటు గుంటలో వేశాడు. మూగ గంట నా చేతికి ఇచ్చాడు. అది మోగదు. అరవై ఏళ్ల సంది మోగలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

నేను కళ్లు చూపించుకోవడానికి నల్గొండ దవాఖానకు పోయిన రోజు, పాత సామాన్లకు ఉల్లిగడ్డలిచ్చే ట్రాలీ ఆటో మైకు పెట్టుకొని వాడలోకి వచ్చింది. నేను వచ్చేసరికి వంటింట్లో ఉల్లిగడ్డల మూట ఉంది, రేకుపెట్టె లేదు.

"నాలిక లేని గంట ఏం జేస్కుంటవ్ మామా? పలిగిందనుకొని ఏసిన" అంది సుజాత. ఆమెకు తెలియదు. నేనూ ఎన్నడూ చెప్పలేదు. ఆటో ఆయనను వెతికి పట్టుకున్నాను. సరుకు అప్పుడే పెద్ద లారీకి ఎక్కిపోయిందన్నాడు. అంగట్లో కొత్త గంట కొనిస్తానన్నాడు నా కొడుకు నర్సింహ. నాకు గంటలు కరువా?

మర్నాడు పొద్దున ఖాళీ గదిలోంచి గంట వినబడింది. చేత్తో ఊపితే వచ్చే చప్పుడు కాదు. పొట్టేలు మేస్తూ నడుస్తుంటే ఆగి ఆగి వచ్చే చప్పుడు. గదిలో ఏమీ లేదు. ఇంట్లో చెప్పాను. చెప్పడమే తప్పయింది. నర్సింహ నన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. వయసుకు తగ్గట్టు చెవులు బాగానే ఉన్నాయన్నాడాయన. అయితే మతిలోనే ఉంది తేడా అని కొడుకు తేల్చేశాడు. హైదరాబాదులో తలకాయ డాక్టరుకు చూపించాలని చుట్టాలతో ఫోన్లు. బస్సెక్కనివ్వరు, ఇంటి తాళంచెవి చేతికివ్వరు. ఇంటిముందు అరుగు దాటితే వెనక మనిషి. సొంతంగా చదువు నేర్చిన మనిషిని సొంత కొడుకే పిచ్చివాణ్ని చేస్తుంటే ఎట్లా ఉంటుందో రాయను.

మూడో రోజు పొద్దు బాగా ఎక్కాక మా ఊరి గొర్రెల కాపరి ఐలయ్య తన మందను వెనక సందులోంచి తోలుకుపోతున్నాడు. అవి సర్కారు పథకంలో వచ్చిన గొర్రెలు, ఎక్కడో పరాయి రాష్ట్రంలో పుట్టినవి. మా గంట సంగతి వాటికేం ఎరుక? ఐలయ్య జీవాల మెడలో ఒక్క గంట కూడా ఉండదు.

మంద మా వెనక తలుపు ముందు ఆగిపోయింది. ఒక్కటి కదలదు. ఐలయ్య అదిలించాడు, కర్ర ఝళిపించాడు. అన్నీ చెవులు నిక్కించి తెరిచిన తలుపులోకే చూస్తున్నాయి. అప్పుడు మోగింది. ఐలయ్య కర్ర దించాడు.

"ఎవని మెడల గంట గది?" అని తలుపు పక్కన నిలబడ్డ నన్నే అడిగాడు.

పిండి చేతులతో సుజాత వంటింట్లోంచి వచ్చి గది గడపలో నిలబడింది. నా వైపు చూడలేదు, గదిలోకే చూసింది. నాకేం తోచిందో, చిన్నప్పుడు పిలిచినట్టే "రా బొట్టో" అని పిలిచాను. చప్పుడు ఆగింది. మంద తనంతట తానే కదిలి, దుమ్ము లేపుకుంటూ పోయింది.

సాయంత్రం నర్సింహ, అతని బామ్మర్ది కూర్చొని హైదరాబాదు ప్రయాణం మాట్లాడుతున్నారు. ఐలయ్యకు కల్లు ఎక్కువైందన్నారు. గొర్రెలు తవుడు వాసనకు ఆగాయన్నారు. సుజాత చాయ్ గ్లాసులు వాళ్ల ముందు పెట్టింది. గంటను అమ్మింది ఆమె. నోరు మూసుకుంటే తప్పంతా నా మతి మీదికే పోయేది.

"నేను గూడ విన్న. మామను ఎక్కడికీ తోలుకపోవద్దు. తోలుకపోతె నన్ను గూడ తోలుకపోండ్రి" అంది.

తాళంచెవి మేకుకు తగిలించి ఉంది. తీసి నా చేతిలో పెట్టింది.

తర్వాత చుట్టాలు పొట్టేలును కోసి శాంతి చేయించమన్నారు. బొట్టోడి పేరు మీద ఇంకో పొట్టేలును కోయడమా? కుదరదన్నాను. దయ్యమని ఒప్పుకోను. నా మతి చెడిందనీ ఒప్పుకోను. కంచు కరిగిపోయిందో, ఏ గోదాములో పడి ఉందో, నాలుకైతే అరవై ఏళ్ల కింద మట్టిలో కలిసింది. ఎంత ఆలోచించినా లెక్క తేలదు.

ఆ గదిలో మనవరాలు చదివి పాసైంది. ఆమెకు ఎన్నడూ ఏమీ వినబడలేదు. నాకూ మళ్లీ వినబడలేదు. ఎట్లా మోగిందో నాకు తెలియదు. మోగలేదని మాత్రం నా ముందర ఎవ్వరూ అనొద్దు.