పచ్చచుక్క కాపలా

వినుత చేరిన కంపెనీకి భవనం లేదంటే నేను నమ్మలేదు. ముప్ఫై ఎనిమిదేళ్లు మా ఊరి పోస్టాఫీసు నడిపినవాణ్ణి. గుమ్మం లేని ఆఫీసుకి ఉత్తరం వస్తే ఎవరికివ్వాలి?

"నలభై మందిమి మావా. పదకొండు దేశాల్లో ఎవరింట్లో వాళ్లం కూర్చుని పనిచేస్తాం" అంది.

"మరి జీతం ఎవరింట్లోంచి వస్తుంది కూసూ?" అన్నాను.

మా హవ్యక బ్రాహ్మణుల ఇళ్లలో ఆడపిల్లని కూసు అంటాం. పెళ్లయి ఆరేళ్లయినా నా నోటికి ఆమె కూసే. మా దూరపు బంధువు నరహరి భార్య. నరహరికి కర్ణాటకలో మా శిరసి ఘాట్‌రోడ్డు కింద లోయలో వక్కతోట ఉంది. తోట బంగారం, కానీ ఆ ఇంట్లో ఫోను పలకదు. ఫైబరు తీగ మా ఇంటి దాకా వచ్చి ఆగింది. నేను రిటైరయ్యాక పోస్టాఫీసు, నా తర్వాత ఆ పనిలోకొచ్చిన షాలిని వాళ్లింటికి మారిపోయి, నా ముందు గది ఖాళీగా పడి ఉంది. నేను ముద్రలు గుద్దిన బల్ల మీదే వినుత తన లాప్‌టాప్ పెట్టుకుంది. అద్దె మాటెత్తితే, మా ఇళ్లలో కాఫీకి బదులు తాగే కషాయం కూడా పొయ్యనని చెప్పాను.

దాని వెనక కథ చెప్పాలి. వినుత అంతకుముందు బెంగళూరు కంపెనీకి ఇక్కణ్ణించే పనిచేసేది. ఒకరోజు అందరూ ఆఫీసుకి రావాల్సిందేనన్నారు. రానంది, మానేసింది. ఎనిమిది నెలలు ఖాళీ. నరహరి తోట కౌలుకిచ్చి తనూ బెంగళూరు పోదామనుకుంటున్న సమయంలో, ఏప్రిల్ నడిమధ్యలో ఈ ఉద్యోగం వచ్చింది. మూడు నెలలు పరీక్ష. గట్టెక్కితే ఇక్కడే బతుకు. లేకపోతే లోయకి నమస్కారం.

చిన్నచిన్న ఆస్పత్రులు రోగులకి సమయాలిచ్చుకునే సాఫ్ట్‌వేర్ వాళ్లది. అది ఎక్కడైనా మొరాయిస్తే వినుత సరిచేస్తుంది. సాయంత్రం ఆరింటికల్లా ఆ రోజు ఏం చేసింది, ఏం మిగిలింది రాసిపెడుతుంది. వినుత బల్ల ముందు నుంచి లేచేసరికి మెక్సికోలో తెల్లారుతుంది, అక్కడ ఇత్సెల్ అనే అమ్మాయి అది చదివి, మిగిలిన పని అందుకుంటుంది. ఒకరి మొహం ఒకరు వారానికోసారి తెర మీద చూసుకుంటారు. మిగతా అంతా రాతే.

ఈ రాత విషయంలో మటుకు నేను ఊరుకోలేదు. మొదటివారం తన ఇంగ్లీషు నోట్ కన్నడంలోకి మార్చి చదివి వినిపించింది. ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఇదేం రాత? 'పైన చెప్పిన సంగతి' అంటావు, ఏ పైన? అడ్రసు ఎలా రాయాలి? ఊరికి కొత్తగా వచ్చిన పోస్టుమాను కూడా తిన్నగా ఇంటికి పోవాలి."

"ఇత్సెల్‌కి తెలుసులే మావా."

"తెలిసినవాడికి ఉత్తరమెందుకు?"

మొహం మాడ్చుకుని తిరగరాసింది. ఆ రోజు నుంచీ నాకు అర్థమయ్యేదాకా తిరగరాయడమే. సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన రోగం పేరు, ఆస్పత్రి పేరు, మొదటి మెట్టు, రెండో మెట్టు. కంప్యూటరు ముట్టుకోని ముసలాడికే బోధపడితే ఇంకెవరికైనా బోధపడుతుంది.

అసలు తంటా పచ్చచుక్కతో వచ్చింది. పనిలో ఉన్నవాళ్ల పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుంది. పది నిమిషాలు మౌస్ కదలకపోతే బూడిదరంగులోకి మారుతుంది. బెంగళూరు కంపెనీలో ఆ చుక్క లెక్కే లెక్క. బూడిదైతే వెంటనే ఫోను. అక్కడ వాత పడ్డ పిల్ల ఇక్కడా వణికిపోయేది. అన్నానికి లేచినా వెనక్కి చూసుకుంటూ పరుగే.

మే నెలలో మా ఇంట్లోనే పనస అప్పడాలు పెట్టుకున్నాం. చుట్టుపక్కల ఆడవాళ్లంతా వచ్చారు. పెరట్లోంచి మా ఆవిడ కేక.

"వినుతా, నీ చెయ్యి పడితేనే పల్చగా వస్తాయే. ఒక్క గంట రా!"

వినుత చుక్కకేసి చూసింది, నాకేసి చూసింది.

"మావా, ఇది అప్పుడప్పుడూ కాస్త కదుపుతూ ఉంటావా?"

అలా నాకు రెండో ఉద్యోగం దొరికింది. మొదట్లో ఆ రోజొక్కటే అనుకున్నాను. తర్వాత రోజూ మధ్యాహ్నం గంటన్నర, మళ్లీ సాయంత్రం వినుత నోట్ రాసి ఇంటికెళ్లాక ఆరు నుంచి తొమ్మిది దాకా. కుర్చీలో కూర్చుని ఒక చేత్తో వక్క నములుతూ, ఇంకో చేత్తో మౌస్ అటోసారి ఇటోసారి. తప్పని తెలుసు. మా ఆవిడ రోజూ దెప్పేది.

"ఊరి ఉత్తరాలు మోశావు సరే. ఇప్పుడు దొంగచుక్కకి కాపలానా?"

జూన్‌లో వాళ్ల పెద్ద, పోర్చుగల్‌లో ఉండే ఫిలిపా, తెర మీద అడిగిందట: "వినుతా, నీ చుక్క పొద్దున్నుంచి రాత్రి దాకా పచ్చగానే ఉంటోంది. ఒంట్లో బాగానే ఉందా?" బెంగళూరులో ఎవరైనా అంత ముద్దుగా అడిగితే దాని వెనక కత్తి ఉండేదట. వినుత బాగానే ఉన్నానని నవ్వేసింది. నాకు మటుకు, "ఇంకో అరగంట కూర్చో మావా" అంది.

జూలై తొమ్మిదిన గాలివాన. గడువుకి ఇంక ఆరు రోజులే. మధ్యాహ్నం నాలుగింటికి మలుపు దగ్గరి పెద్ద మద్దిచెట్టు తీగల మీద కూలింది. కరెంటు పోయింది, ఫైబరు పోయింది, ఫోన్లు పోయాయి. రోడ్డు కూడా జారిపోయింది. ఒక ఆస్పత్రిలో ఒకే సమయానికి ఇద్దరేసి రోగులకి పేర్లు పడుతుంటే, మర్నాటికల్లా సరిచేస్తానని మాటిచ్చి ఆ పని మధ్యలో ఉంది వినుత. ఆ రోజు నోట్ కూడా రాయలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

మూడు రోజులు గొడుగేసుకుని వచ్చి నల్లటి తెర ముందు కూర్చుంది. మజ్జిగపచ్చడి లాంటి మా తంబుళి అన్నంలో కలిపి పెడితే రెండు ముద్దలు తిని లేచేది. రెండోరోజు నరహరి తడిసిపోయి వచ్చాడు. "నాగప్ప తోట కౌలుకి అడుగుతున్నాడు. మాట్లాడి రానా?" అని మెల్లిగా అడిగాడు.

నాకు మండింది. "వాన ఆగనీ ముందు! ప్రాణం పోకముందే పాడె కడతావేం?" అని కసిరాను. కసిరాను గానీ, నాకూ ఆశ లేదు. అన్నాళ్లు దొంగగా వెలిగించిన చుక్క ఇప్పుడు నిజంగానే ఆరిపోయి ఉంది. దాన్ని కదపడానికి నా చెయ్యి కూడా పనికిరాదు.

నాలుగోరోజు మధ్యాహ్నం తీగ బాగుచేశారు. లాప్‌టాప్ వెలిగింది. వినుత కళ్లు మూసుకుంది.

"నువ్వు చదువు మావా."

"నాకు ఇంగ్లీషు అడ్రసుల వరకే వచ్చు. చదువు, ఏదైతే అదైంది."

చదివింది. మొదటిరోజు ఇత్సెల్: "ఇవాళ నీ నోట్ లేదు. నిన్నటిది చూసి పని అందుకుంటున్నాను." రెండోరోజు మళ్లీ ఇత్సెల్: "ఆస్పత్రి పని పూర్తయింది. నువ్వు నాలుగో మెట్టు దగ్గర ఆపావు, అక్కణ్ణించి నువ్వు రాసినట్టే చేశాను. ఒక్క అనుమానం కూడా రాలేదు." మూడోరోజు ఫిలిపా: "మీ జిల్లాలో వానల సంగతి వార్తల్లో చూశాం. పని గురించి ఆలోచించకు. క్షేమంగా ఉన్నానని ఒక్క ముక్క రాయి, చాలు."

ఎక్కడికి పోయావని ఒక్కరూ అడగలేదు. వినుత బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. నేను కిటికీలోంచి వాన చూస్తున్నట్టు నటించాను.

ఆ సాయంత్రమే ఫిలిపా తెర మీదికి వచ్చింది. నలభై ఏళ్లుంటాయేమో, తడిజుట్టుతో, వెనక గోడ మీద పిల్లల బొమ్మలతో. వినుత అన్నీ చెప్పేసింది. చుక్క గురించి, మౌస్ గురించి, నోట్లు తిరగరాయించే నా గురించి. ఇంగ్లీషు రాకపోయినా నాకు తెలిసిపోయింది, ఎందుకంటే ఉన్నట్టుండి తెర నా వైపు తిప్పింది.

"రోజుకి ఎన్ని గంటలు కదిపేవారని అడుగుతోంది మావా."

దొరికిన దొంగకి దాపరికమెందుకు? "నాలుగున్నర గంటలు. ఆదివారం సెలవు" అన్నాను.

అది విని ఫిలిపా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. తర్వాత చాలాసేపు మాట్లాడింది. వినుత ఆగి ఆగి నాకు చెప్పింది.

"నేను పని చేసి చేసి పడిపోతానేమోనని రెండు నెలలుగా భయపడుతోందట మావా. వాళ్లు చుక్క చూసి జీతమివ్వరట, నోట్ చూసి ఇస్తారట. ఉద్యోగం ఖాయం చేసింది. షరతు ఒక్కటే. సాయంత్రం ఆరు దాటాక నా చుక్క పచ్చగా కనపడకూడదట."

"మరి నా ఉద్యోగం?"

"ఊడింది."

మొదటి ఉద్యోగానికి శాలువా కప్పి పంపారు. దీనికి ఉత్త చేతులేనని మా ఆవిడతో వేళాకోళమాడాను. నెల రోజులైంది. షాలిని ఒక పోస్టుకార్డు పట్టుకొచ్చింది. మెక్సికో ముద్ర. అడ్రసు వరస తప్పకుండా, పిన్‌కోడుతో సహా, నా పేరు మీద. వినుత చదివి చెప్పింది: "మీకు అర్థమయ్యేదాకా మీరు తిరగరాయించిన నోట్ల వల్లే ఆ మూడు రాత్రులు నేను తడుముకోకుండా పనిచేశాను. ఇత్సెల్."

మర్నాడు ఇంకొకటి, కెన్యా నుంచి. వారం తర్వాత పోలండు. నాకు బోధపడలేదు. వినుత చెప్పింది: మామూలు ఆఫీసులోనైతే ఒకే కార్డు బల్ల చుట్టూ తిప్పి అందరూ సంతకం పెడతారు. వీళ్లకి బల్ల ఏది? అందుకని ఎవరిది వాళ్లు, ఎవరి ఊళ్లో వాళ్లు, పోస్టు డబ్బాలో వేశారు.

ముప్ఫై ఎనిమిదేళ్లు ఊరందరి ఉత్తరాలూ మోశాను. నా పేరు మీద శిరసి పెద్దాఫీసు నుంచి తాఖీదులే వచ్చేవి. నాకోసం కూర్చుని ఉత్తరం రాసినవాళ్లు లేరు. వినుతని తీసేస్తే ముప్ఫై తొమ్మిది మంది, ఇప్పటికి ఇరవైమూడు వచ్చాయి. ఆ మొహం చూడని మనుషులకి ఎలా దణ్ణం పెట్టాలో నాకు తెలియదు. ఒక్కొక్కళ్లకీ కన్నడంలో జవాబు రాస్తున్నాను, కింద వినుత ఇంగ్లీషు చేర్చుతోంది.

ఆ రోజుల్లో పోస్టాఫీసు గుమ్మం పట్టుకు వేలాడేవాళ్లని తెగ తిట్టేవాణ్ణి, వస్తే ఇంటికి తేనా అని. ఇప్పుడు పన్నెండు కాగానే నా కాళ్లే షాలిని ఇంటివైపు పోతున్నాయి.

"ఏం సుబ్రాయన్నా, వస్తే ఇంటికి తేనా?" అంటుంది షాలిని, సంచి విప్పుతూ.

"ముందు చూడవే తల్లీ, ఇంకా పదహారు రావాలి."