పెండ్లి చీరకు కందెన

ఇయ్యాల మేడ్చల్ చర్చిల మా చెల్లె శాంతమ్మ పెండ్లి. శామీర్‌పేట నుంచి వచ్చి ఎడ్లబండి దిగుతుంటే, ఇరుసు కందెన ఆమె తెల్ల పెండ్లి చీర కొంగుకు అంటింది. అమ్మ నీళ్లు పోసి రుద్దితే మరక ఇంకింత పాకింది. అమ్మ ఏడ్వబట్టింది.

శాంతమ్మ మాత్రం బండికి కట్టిన లాంతరు విప్పి, అండ్లున్న గ్యాసునూనెల గుడ్డ ముంచి మరక మీద అద్దింది.

"ఏందే, చీరంత ఖరాబు జేస్తవా?" అని మొత్తుకున్న.

"కందెనది నూనె జాతి అన్నా. నీళ్లల్ల కరగది, నూనెలనే కరుగుతది," అన్నది.

నల్ల జిడ్డంత గుడ్డకొచ్చింది. మిగిలిన నూనెను సబ్బుతోని కడిగి, కొంగు ఎండకు పట్టుకొని నిలబడ్డది.

వాసన మాత్రం పోలే. పాదిరయ్య నవ్వుకుంట, ఎలుగుతున్న మోంబత్తీలను జర దూరం పెట్టిచ్చిండు. పెండ్లినాడు గింత నిబ్బరమున్న పిల్లను మీరెవలన్న జూసిండ్రా?