అరచెయ్యి పట్టేంత సందు

2022 ఎండాకాలం. ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు పక్కన నా వర్క్‌షాపు. అప్పటికి చాలా ఏళ్లుగా గిటార్లు బాగుచేస్తున్నాను. అడిగినవాళ్లకు కొత్తవీ చేసిస్తున్నాను. చెక్క మీద రంపం పెట్టేముందు ప్రార్థన చేసుకోవడం మా నాన్న నేర్పిన అలవాటు. బైబిల్లో, అరణ్యంలో దేవుని గుడారం కట్టినవాళ్లకు కొలతలు పైనుంచే వచ్చాయని ఆయన చెప్పేవాడు. నాకూ అలాగే వస్తాయని నమ్మేవాణ్ణి.

ఒకరోజు జమ్మలమడుగు నుంచి ఆశీర్వాదం, అతని భార్య సువార్తమ్మ వచ్చారు. అతనికి అక్కడ పిండిమర ఉంది. పదిహేనేళ్లుగా వాళ్ల సంఘంలో ఆరాధనకు బాస్ గిటార్ వాయిస్తున్నాడు. బాస్ అంటే నాలుగు లావు తీగల గిటార్. పాటకు అడుగున ఉండే మంద్రస్వరం దానిది. ఉన్నప్పుడు ఎవరూ గమనించరు, ఆగితే పాట కుంటుతుంది. ముందటి ఏడు విషజ్వరం తగ్గాక అతని చెవులు రెండూ పోయాయి. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకుంటాడు.

"చెవులు పోయినాయి గానీ నోరు పోలేదన్నా ఈయప్పకు," అంది సువార్తమ్మ. ఆ మాట కూడా పెదవుల మీద చదివి నవ్వాడు.

తాళం తప్పుతున్నాడని పాస్టరుగారు మెల్లగా చెప్పారట. జూన్‌లో పులివెందులలో జరిగే ప్రార్థన కూటాల్లో నిలకడగా వాయిస్తే సరే, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇవ్వాలని పెద్దలు అనుకున్నారట. అతను అడిగింది తక్కువే. పనస చెక్క, బరువైనా పర్వాలేదు, వెనక భాగం చదునుగా ఉండాలి.

"పీట మాదిరి పెట్టు సాలన్నా. సొంపులేం వద్దు," అన్నాడు.

నేను రాసుకున్నాను, కానీ నమ్మలేదు. మా సంఘాల్లో పెరిగినవాళ్లకు ఇది తెలుస్తుంది. విశ్వాసి తన సుఖం కోసం నోరు తెరిచి అడగడు. భోజనానికి పిలిస్తే ఏదైనా చాలంటాడు, కుర్చీ వేస్తే చాప చాలంటాడు. ఆ మాట దాటి మంచిది పెట్టడమే ప్రేమ అని మాకు నేర్పారు. ఇతనూ నాకు శ్రమ తగ్గించాలని అలా అంటున్నాడనుకున్నాను. మోకరించి ప్రార్థించి, మనసులో సమాధానం, అంటే నెమ్మది, కలిగిందనుకుని పని మొదలుపెట్టాను.

మంచి గిటార్‌కు వెనకవైపు బెల్లీ కట్ ఉంటుంది. పొట్టకు, పక్కటెముకలకు ఒత్తుకోకుండా చెక్కను లోపలికి తొలచడం అన్నమాట. నాలుగు రోజులు కూర్చుని దాన్ని తొలిచాను. అంత నునుపైన వంపు అంతకుముందు నా చేతిలో రాలేదు.

కూటాలకు పన్నెండు రోజులుందనగా ఇద్దరూ వచ్చారు. అతను గిటార్ తగిలించుకున్నాడు. సువార్తమ్మ చప్పట్లు కొడుతూ పాట ఎత్తుకుంది. ఆమె చేతుల వైపు చూస్తూ వాయించాడు. రెండో చరణంలో వేళ్లు వెనకబడ్డాయి. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ అదే చోట జారాడు. సువార్తమ్మ చప్పట్లు ఆపేసింది.

నేను వంపు చూపించి, ఒత్తుకోకుండా తొలిచానని వివరించబోయాను. అతను నా చెయ్యి పట్టుకుని తన రొమ్ముకూ చెక్కకూ మధ్య పెట్టాడు. నా అరచెయ్యి అందులోకి సులువుగా దూరింది. లావు తీగ మీటాడు. చెక్క వణుకు నా చేతి వెనక గట్టిగా తెలిసింది.

"నా చెవి ఈడుండాదన్నా," అన్నాడు రొమ్ము చూపించి. "నువ్వు దాన్ని మూసేసినావు."

వంపులో ముక్క అతికిస్తే సరిపోతుందేమో అన్నాడు. అతుకు మీద నాకు నమ్మకం కుదరలేదు. నెక్, అంటే వేళ్లు నడిచే పొడవాటి పట్టీని, తీగల వణుకును పట్టి స్పీకరుకు అందించే పికప్‌లను విప్పేశాను. బాడీ మాత్రం కొత్తగా చేస్తానన్నాను.

మర్నాడు కొత్త బాడీకి పనస చెక్క పలక ఒకటి తీసుకుని జమ్మలమడుగు పోయాను. మర తిరుగుతోంది. అతను నా చెయ్యి తీసి దాని ఇనుప కాలి మీద పెట్టాడు.

"రాయి అరిగితే ఈడ తెలుస్తాది. చెవులున్నప్పుడు గూడా నాకు ఇట్లే తెలుస్తాండె."

ఆర్డరు రోజు ఎందుకని ఒక్కమాట అడిగుంటే ఇదంతా అప్పుడే చెప్పేవాడు. పలకను అతని రొమ్ముకు ఆనించి, ఎముక తగిలే చోటల్లా పెన్సిల్‌తో గీసుకున్నాను. ఈసారి కొలతలు అతని ఒంటి మీదినుంచి వచ్చాయి. అవి పైనుంచి రాలేదని ఈరోజుకూ అనను.

వెనక చదునుగా, పైకొమ్ము, అంటే బాడీ పైఅంచున పొడుచుకొచ్చే భాగం, రొమ్ముటెముకకు ఆనేలా చేసి, పల్చగా పాలిష్ పూసి, కూటాల ముందురోజు ఇచ్చాను.

పులివెందులలో నేను వెనక వరసలో కూర్చున్నాను. అతను గిటార్‌ను బిడ్డను హత్తుకున్నట్టు రొమ్ముకు అదుముకుని, డ్రమ్స్ వాయించేవాడి చేతులే చూస్తున్నాడు. మొదటి పాటంతా నాకు ప్రార్థన నోటికి రాలేదు. మూడో పాటకు అతను కళ్లు మూసుకున్నాడు. ఇక తప్పుతాడని భయపడ్డాను. డ్రమ్ దరువు కూడా చెక్కలోంచి అతని రొమ్ముకు అందుతున్నట్టుంది, తాళం కదల్లేదు. జనమంతా పాడుతున్నారు, బాస్‌ను ఎవరూ గమనించలేదు. చోటు అతనిదే అయింది.

నేను చెడగొట్టిన బాడీ ఇప్పటికీ వర్క్‌షాపులో మేకుకు వేలాడుతోంది. ప్రార్థన మానలేదు. దానికి ముందు ఒక పని చేర్చుకున్నాను. ఎవరైనా వచ్చి ఇట్లా చాలు, అట్లా వద్దు అంటే, ఎందుకో చెప్పమని కూర్చోబెడతాను. మీ ఇష్టమే అంటూ మొహమాటపడితే ఆ బాడీ దించి, ఆ వంపులో చెయ్యి పెట్టి చూడమంటాను. అందరూ ఎంత నున్నగా ఉందో అంటారు.

అప్పుడు ఆశీర్వాదం సంగతి చెప్తాను.