దారం చుట్టిన మెట్టెలు

గత ఆదివారం పొద్దున్న అరసవల్లి గుడి పక్క సందులోంచి నడుస్తుంటే పిడకల పొగ, అందులో ఉడుకుతున్న కొత్త బియ్యం, పాలు, బెల్లం కలిసిన వాసన ఒక్కసారిగా మొహానికి తగిలింది. మొక్కున్నవాళ్లు పొయ్యిలు పెట్టుకుని సూర్యుడికి పరమాన్నం వండుతున్నారు. ఎవరో తెలియని ఆవిడ ఆకుదొన్నెలో ఇంత పెట్టి నా చేతికిచ్చింది. కళ్లకద్దుకున్నాను. ఆ వెంటనే, నా ప్రమేయం లేకుండానే, నా చెయ్యి ఆ దొన్నెను పక్కవాళ్లకి ఇచ్చేయడానికి ముందుకు సాగింది. ఏళ్ల తరబడి ప్రసాదాన్ని నేను అలాగే కళ్లకద్దుకుని పక్కవాళ్లకి ఇచ్చేసేవాణ్ణి, తినేవాణ్ణి కాదు. ఆ అలవాటు నాకు నేర్పినవారు అప్పలసూరి మాస్టారు. దాన్ని మాన్పించినవారూ ఆయనే. అయితే అప్పటికి ఆయన లేరు.

ఆయన గురించి శ్రీకాకుళంలో ఒక మాట స్థిరపడిపోయింది. అంత నియమంగా ఉన్న మనిషి, చివర్లో నాలుక కట్టుకోలేక అన్నం మొదలుపెట్టి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు అని. పొద్దున్నే నడకకి వచ్చేవాళ్లు ఇప్పటికీ అంటారు. ఆయన్ని ఎన్నడూ చూడనివాళ్లు కూడా ఉదాహరణగా చెబుతారు. ఆ మాట మొట్టమొదట అన్నది నేను. అది నిజం కాదు. మాస్టారిని ఎరగనివాళ్లకు ఆయనెవరో చెప్పి, ఆ మాటను వెనక్కి తీసుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఆయన మా స్కూల్లో డ్రిల్లు మాస్టారు. సన్నగా, పొడుగ్గా, మెడలో విజిలుతో ఉండేవారు. నేను లావుగా ఉండేవాణ్ణి. పిల్లలు నన్ను బొండాం అని పిలిచేవారు. మాస్టారు మాత్రం రాంబాబూ అని నిండు పేరుతో పిలిచి, సెలవు రోజుల్లో నాగావళి ఇసుకలో పరిగెత్తించేవారు. తొందరగా సన్నబడాలని నేనొకరోజు ఏమీ తినకుండా వెళ్లి, సగం దూరంలో కళ్లు తిరిగి ఇసుకలో కూలబడ్డాను. ఆయన వచ్చి నా మొహాన నీళ్లు చల్లి, తన కేరేజీ విప్పారు. అందులో చద్దన్నం, పెరుగు, ఉల్లిపాయ ముక్కలు ఉన్నాయి. ఆయన భార్య సత్యవతమ్మగారు కట్టిచ్చిన తిండి.

"ఆకలితో పరిగెడితే అది పరుగు కాదురా, పారిపోడం. తిను ముందు" అన్నారు.

నేను మొత్తం తినేశాను. ఆయన సాయంత్రం దాకా ఖాళీ కడుపుతో విజిలు ఊదారు. ఆ చిన్న వయసులో నన్ను చూసి నవ్వని పెద్దమనిషి ఆయనొక్కరే. తర్వాత నేను పంపుసెట్ల దుకాణం పెట్టినప్పుడు కొబ్బరికాయ కొట్టింది ఆయనే. నా పెళ్లిచూపులకు పెద్దదిక్కుగా వచ్చిందీ ఆయనే.

రిటైరయ్యాక మాస్టారికి షుగరు వచ్చింది. ఎవరో ఫోన్లో ఏవో వీడియోలు చూపించారు. ఆయన ఏది పట్టుకున్నా సగంలో వదిలే మనిషి కాదు. అన్నం, రొట్టె, పప్పు, పళ్లు అన్నీ ఒకేసారి మానేశారు. గుడ్లు, చేపలు, మాంసం, ఆకుకూరలు, కొబ్బరినూనె మాత్రం ఉంచుకున్నారు. నిజం చెప్పాలి, ఆయనకు మేలు జరిగింది. ఒళ్లు తేలికపడింది, షుగరు దిగింది. అరసవల్లి దారిలో ఉన్న ఆయన ఇంటి వరండా మీద రోజూ పొద్దున్నే మా బోటి పొట్టలవాళ్లం చేరేవాళ్లం. నాకు బొండాం అన్న పేరు ఇంకా లోపల ఎక్కడో మిగిలే ఉంది. ఏడాది తిరిగేసరికి నా పొట్ట పోయింది. పాత చొక్కాలు వదులైపోయాయి. ఇక నేను మాస్టారికన్నా ఎక్కువ మాట్లాడడం మొదలుపెట్టాను. అన్నం తినేవాణ్ణి చూస్తే జాలిపడేవాణ్ణి.

పెళ్లి విందుల్లో మేమంతా ఒకే బంతిలో కూర్చుని అన్నం గంపని వెనక్కి పంపేవాళ్లం. ఒకసారి వడ్డించే అతను విసుక్కున్నాడు.

"ఏటి మాస్టారూ, అన్నమొద్దు, అప్పడమొద్దు, అరిటిపండొద్దు! మరి ఆకెందుకండీ, కూర సేతిలో యేసీమంటారా?"

"ఎయ్యరా, నీ గరిటె కన్నా నా సెయ్యి పెద్దదే!" అని మాస్టారు అరచెయ్యి చాపారు. బంతంతా నవ్వింది.

ఆ రోజుల్లోనే జరిగిన ఇంకో సంగతి ఉంది. తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. ఒక పొద్దున్న వరండా మెట్ల మీద నాకు వెండి మెట్టె ఒకటి దొరికింది. టీ గ్లాసులు తీసుకెళ్లడానికి సత్యవతమ్మగారు వస్తే అందించాను.

"అమ్మా, మెట్టె పారీసుకున్నారు. సిన్నపిల్లలాగ పరిగెడతన్నారేటి?"

"ఏలు సన్నబడిపోనాదిరా బావూ. దారం సుట్టుకుంతాన్లే" అని ఆవిడ దాన్ని కొంగుకి ముడేసుకున్నారు.

మాస్టారు మా వైపు తిరిగి, "సూసినారా, మా ఇంట్లో కాలివేళ్లు కూడా సన్నబడిపోనాయి!" అన్నారు.

మేమంతా నవ్వాం. అందరికన్నా గట్టిగా నేను నవ్వాను. ఆవిడ కూడా నవ్వారు.

తర్వాత ఒక మాఘమాసం ఆదివారం, గుడి దగ్గర పరమాన్నం వండుతూ, పాలు పొంగే వేళకి సత్యవతమ్మగారు పొయ్యి పక్కనే పడిపోయారని విన్నాను. అప్పుడు నేను సరుకు కోసం విశాఖపట్నంలో ఉన్నాను. తిరిగొచ్చి ఆవిడని పలకరిస్తే "ఎండ తగిలీసిందిరా" అన్నారు. మాఘమాసంలో ఆ పొద్దుటి పూట ఎండ ఎంతుంటుందో నాకు తెలియనిది కాదు. అయినా నేను ఇంకేమీ అడగలేదు.

ఆ తర్వాత కొద్ది వారాలకి, మధ్యాహ్నం ఏదో పని మీద మాస్టారింటికి వెళ్లాను. గుమ్మంలోనే ఆగిపోయాను. ఆయన పీట మీద కూర్చుని ఉన్నారు. ఎదురుగా కంచంలో కొద్దిగా అన్నం, పక్కన పప్పు, వంకాయకూర, ఒక చేపముక్క. ఆయన వేళ్లకి అన్నం మెతుకులు అంటుకుని ఉన్నాయి. సొంత తండ్రిని సారా దుకాణంలో చూసినట్టు అదిరిపోయాను.

"ఇదేటి మాస్టారూ?"

"కూడు. మర్సిపోనావేటి?"

"ఇన్నేళ్లు మాకందరికీ సెప్పి..."

"సెప్పినాన్రా. ఆ సెప్పినోడినీ నేనే, ఇప్పుడు తింతన్నోడినీ నేనే. కూకో, రెండు ముద్దలు తిను."

"నాలుక గెలిచీసింది మాస్టారూ" అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో తెలియదు. ఇసుకలో నాకు చద్దన్నం పెట్టిన మనిషితో అన్నాను.

వంటింటి గుమ్మంలోంచి సత్యవతమ్మగారు ఏదో చెప్పబోయారు. మాస్టారు డ్రిల్లులో వరసని ఆపినట్టు ఎడంచెయ్యి ఎత్తి, "నువ్వుండు" అన్నారు. తర్వాత తల వంచుకుని అన్నం కలుపుకున్నారు.

నేను బయటికొచ్చి ఊరుకోలేదు. నడకలో చెప్పాను, దుకాణంలో చెప్పాను. వరండా నెమ్మదిగా ఖాళీ అయింది. మేమంతా కలుసుకునే చోటు నా దుకాణం ముందుకి మారింది. మాస్టారు ఆ దారిన వెళ్తూ ఎప్పటిలాగే "రాంబాబూ, కులాసాయేనా" అనేవారు. నేను ముక్తసరిగా తలూపేవాణ్ణి. అలా రెండేళ్లు గడిచాయి. ఒక వానాకాలం ఆయనకు జ్వరం వచ్చి, ఊపిరితిత్తులకు నిమ్ము చేరి, ఆసుపత్రిలో పోయారు.

పెద్దకర్మ రోజున పాత విద్యార్థులు ఇంటి ముందు షామియానా వేసి, తలా నాలుగు మాటలు మాట్లాడదామన్నారు. నేను మైకు తీసుకుని నాగావళి ఇసుక గురించి చెప్పాను, విజిలు గురించి చెప్పాను. చివర్లో గొంతు బరువు చేసుకుని, "ఆ నియమం వదలకుండా ఉంటే మాస్టారు ఇవాళ మనమధ్య ఉండేవారు" అన్నాను. కొందరు తలలూపారు. తర్వాత భోజనాలకి కూర్చున్నాం. నా ఆకు దగ్గరికి అన్నం వస్తే చెయ్యి అడ్డం పెట్టాను. నాకు తిండి పెట్టి నిలబెట్టిన మనిషి కర్మలో, ఆయన పేరున వండిన అన్నం వద్దన్నాను.

చేతులు కడుక్కుంటుంటే లోపల్నుంచి పిలుపొచ్చింది. సత్యవతమ్మగారు గోడకి చేరబడి కూర్చుని ఉన్నారు. నుదుట బొట్టు లేదు. కాళ్లు చాపుకుని ఉన్నారు. కాలివేళ్లకి మెట్టెలు లేవు. ఆ చోట ఎర్రగా కమిలి ఉంది.

"సూడరా" అన్నారు వేళ్లు చూపిస్తూ. "సబ్బు రాసి, నూని రాసి తీసేరు. రానని మొరాయించీసేయి. నీకు గేపకం ఉన్నాదా, ఒకప్పుడు మెట్ల మీద ఊడి పడిపోతే నువ్వే తెచ్చిచ్చినావు?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడ కోప్పడలేదు. ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పుకుపోయారు.

"గుడికాడ పడిపోతే ఆస్పత్రికి తీసుకెళ్లేరు. ఏటి తింతన్నారమ్మా అని డాట్రమ్మ అడిగింది. నాను ఈయన కేసి సూసినాను. 'నాను తిన్నదే ఆవిడా తింతాది' అని ఈయన సెప్పేడు. 'మీకు షుగరు. ఆవిడికేటున్నాది?' అని అడిగిందిరా ఆ పిల్ల. మీ మాస్టారు తల దించీసుకున్నాడు."

ఆవిడకి ఏ జబ్బూ లేదు. మొదటినుంచీ బక్కపల్చని మనిషి. మొగుడు అన్నం మానేశాక ఆ ఇంట్లో ఇక బియ్యం ఉడకలేదు. శనివారం ఎలాగూ నియమమే, ఆదివారం సూర్యుడికి మొక్కే, ఆ రెండు రోజులూ ఆవిడ నీచు ముట్టదు. అన్నం లేని ఇంట్లో, నీచు తినని రోజున, ఆవిడకి మిగిలేది ఇంత ఆకుకూర, ఇంత మజ్జిగ. కార్తీకమాసమైతే నెల పొడుగునా అంతే. రోజూ పొద్దున్నే ఆ వరండా మీద తిండి గురించి గంటలకొద్దీ మాట్లాడినవాళ్లం, ఆ ఇంట్లో తిరుగుతున్న రెండో మనిషి ఏం తింటోందని ఒక్కనాడూ అడగలేదు.

"డాట్రమ్మ నన్ను అన్నం తినమంది. ఆయన తినకుండా నాను తింతే నోట్లోకి ముద్ద దిగుతాదేట్రా? మా అమ్మ తిన్నాదా, మా అత్త తిన్నాదా? నా వల్ల కాదన్నాను. అయితే నేనూ తింతాను అన్నాడు. ఆ డాట్రమ్మనే అడిగి, తన మాత్రలు మార్పించుకున్నాడు. మొదట పల్చగా సోడిపిండి అంబలి తాగినాం. దానికే నాకు కడుపు ఉబ్బీసీది. తర్వాత గుప్పిడన్నం, పప్పు, కూర. మొదటి ముద్ద కలిపిన్నాడు నోటికాడికి తెచ్చి మళ్లీ కంచంలో పెట్టీసినాడు. ఏళ్లూ పూళ్లూ ఇషమని నమ్మిన కూడు కదరా. తినీసి, వీధిలో అటూ ఇటూ నడిసీసి, మిసను మీద రక్తం సూసుకునీవాడు. నువ్వొచ్చి నాలుకన్నావే, ఆ రోజుకి ఇంకా బయిం తీరలేదు ఆయనకి."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"సెప్పబోతే ఆపీసినాడు కదా. నువ్వెళ్లిపోనాక నన్నే కేకలేసేడు. 'ఇన్నేళ్లు నీ కంచం సూడనోడిని, ఇప్పుడు నీ పేరు సెప్పి తప్పించుకోమంటావేటే?' అన్నాడు." కమిలిన కాలివేళ్లు నిమురుకుంటూ, "ఆయన అన్నం తిని సావలేదురా. నిమ్ము సేసి పోనాడు. నాను బతకాలని తిన్నాడు" అన్నారు.

అక్కణ్నుంచి ఇంటికి ఎలా వచ్చానో నాకు గుర్తులేదు. నా భార్య పార్వతి వాకిట్లో బట్టలు తీస్తోంది. దండెం మీది చీర అందుకోవడానికి మునివేళ్ల మీద లేచింది. నేను ఆమె కాళ్ల వైపు చూశాను. మెట్టెలకి దారం చుట్టి ఉంది. పసుపు పట్టి, మురికి పట్టి, ఎన్నాళ్లనుంచో ఉన్న దారం.

"ఇదెప్పట్నుంచి?" అన్నాను.

"ఏటి?"

"ఆ దారం."

"ఏటో, ఎవరికి గేపకం. మీరు మానీసినాక ఒక్కదానికోసం బియ్యం పొయ్యెక్కించబుద్ధి కాదు. ఏటలగ సూస్తన్నారు? మంచినీళ్లిమ్మంటారా?"

పార్వతికీ ఏ జబ్బూ లేదు. నా దుకాణం ముందు చేరే మిగతావాళ్ల ఇళ్లు గుర్తొచ్చాయి. అడగడానికే భయమేసింది. తర్వాత ఒక్కొక్కరినీ అడిగాను. కొందరు నాలాగే ఇంటికి వెళ్లి చూసి, మర్నాడు నడకకి రాలేదు. కొందరు నన్నూ నాలుక గెలిచేసిందన్నారు. ఆ మాట నాదే.

ఆ డాక్టరమ్మ దగ్గరికే ఇద్దరం వెళ్లాం. మాస్టారి పద్ధతి ఎవరికీ పనికిరాదని నేను అనడం లేదు. ఎవరికి ఏది సరిపడుతుందో చెప్పడానికి చదువుకున్నవాళ్లు ఉన్నారు. ఆవిడ మమ్మల్ని నెమ్మదిగా మొదలుపెట్టమంది. మొదటి పూట నా ముందు కంచంలో ఉన్నది గుప్పెడన్నం. ఈ గుప్పెడుతో మళ్లీ బొండాంనైపోతానని ఈ వయసులో భయపడ్డాను. మొదటి ముద్దని మళ్లీ కంచంలో పెట్టేసిన మాస్టారు అప్పుడు అర్థమయ్యారు. కడుపు ఉబ్బింది, ఒళ్లు కాస్త వచ్చింది, చొక్కాలు మళ్లీ సరిపోయాయి. పార్వతి నాతోపాటే కూర్చుని తినడానికి మాత్రం చాలాకాలం పట్టింది. నేను లేచాకే తింటాననేది. నేను లేవకుండా కూర్చునేవాణ్ణి. ఒకరోజు మెట్టెకి దారం లేకపోవడం గమనించాను. ఎప్పుడు విప్పేసిందో చెప్పలేదు. మాస్టారికి చెబితే బాగుండేదనిపించిన మొదటి సంగతి అది.

మొన్న ఆదివారం గుడి పక్క సందులో నా చెయ్యి దొన్నెతో పాటు గాలిలో ఆగిపోయినప్పుడు పార్వతి నా వెనకే ఉంది. దొన్నెను వెనక్కి తీసుకుని ఆమెకిచ్చాను.

"ముందు మీరు" అంది.

"నువ్వు తిను ముందు" అన్నాను.

వేడి పరమాన్నం వేళ్లతో కొద్దిగా తీసుకుని, నోటి దాకా తీసుకెళ్లి ఆగింది.

"అలగ గుచ్చి సూస్తంటే ఎలగ తింతానండీ? అటు తిరగండి" అంది.

నేను తిరగలేదు.